విశాఖలో అద్దె ఫ్లాట్: కరెంటు పోతే, కుళాయి ఆగితే ఏం చేయాలి

కరెంటు పోగానే అందరూ ముందు వాచ్‌మన్‌కి ఫోన్ చేస్తారు. ఆయన "వచ్చేస్తుందండీ" అంటాడు. పాపం, ఆయన చెప్పగలిగింది అంతే. మీరు తేల్చుకోవాల్సిన ప్రశ్న వేరే ఉంది: పోయింది మీ ఫ్లాట్‌కేనా, బిల్డింగ్ మొత్తానికా, వీధి వీధికా? మొదటిదైతే ఎలక్ట్రీషియన్, రెండోదైతే అసోసియేషన్, మూడోదైతే ఈపీడీసీఎల్ (విశాఖకి కరెంటు ఇచ్చే సంస్థ). ఇది తేలకుండా ఎవరికి ఫోన్ చేసినా గంట వృథా. నీళ్ల విషయంలోనూ ఇదే లెక్క.

సొంత ఇంటివాళ్లకి ఇవన్నీ ఏళ్ల తరబడి ఉంటూ ఉంటూ తెలిసిపోతాయి. వేరే ఊరి నుంచి వచ్చి మధురవాడలోనో మురళీనగర్‌లోనో అద్దెకి దిగినవాళ్లకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. అందుకే సామాను సర్దుకున్న వారంలోపే ఈ కింది పనులు చేసి పెట్టుకోండి.

దిగిన వారంలో

సెల్లార్‌లో మీటర్ల ప్యానెల్ దగ్గరికి వెళ్లి మీ మీటరు ఏదో చూసుకోండి. పెయింట్‌తో రాసిన ఫ్లాట్ నంబర్‌ని నమ్మొద్దు, చాలా బిల్డింగుల్లో అవి తారుమారుగా ఉంటాయి. ఇంట్లో ఒకరిని గీజర్ వేయమని చెప్పి కింద మీరు మీటరు చూడండి. ఎర్రటి చిన్న లైటు గబగబా కొట్టుకోవాలి, గీజర్ ఆపగానే నెమ్మదించాలి. అలా జరగకపోతే ఆ మీటరు మీది కాదు. అంటే పక్కవాళ్ల బిల్లు మీరు కడుతూ ఉండొచ్చు కూడా. ఆ రోజే ఓనర్‌కి చెప్పండి.

మీటరు పక్కన మీ ఫ్లాట్‌కి వెళ్లే ఫ్యూజు కట్‌అవుట్ (ఫ్యూజు పెట్టే దిమ్మ) గానీ ఎంసీబీ (లోడు ఎక్కువైనా షార్టయినా దానంతట అదే పడే స్విచ్చు) గానీ ఉంటుంది. అదెక్కడో చూసుకుని ఫోటో తీసుకోండి. పాత కరెంటు బిల్లు ఒకటి అడిగి తీసుకుని సర్వీస్ నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఫిర్యాదు చేసేటప్పుడు మొదట అడిగేది అదే. అదే బిల్లులో పాత బకాయి ఉందేమో కూడా చూడండి. బకాయి సర్వీస్ నంబరు మీద నిలిచి ఉంటుంది కాబట్టి, ముందున్నవాళ్లు కట్టకుండా వెళ్లిపోతే కరెంటు కట్ చేసేది మీరున్న ఇంటికే. తుఫాను లేదు, గాలి లేదు, పక్కిళ్లన్నిటికీ కరెంటు ఉంది, మీకు మాత్రమే లేదు అంటే ఈ అనుమానం కూడా మనసులో ఉంచుకోండి.

నీళ్లకైతే మీ ఫ్లాట్ లైన్ వాల్వు మేడ మీదుందో పైపులు దిగే షాఫ్ట్‌లో ఉందో అడిగి తెలుసుకోండి. బిల్డింగ్‌కి జీవీఎంసీ (నగర కార్పొరేషన్) కుళాయి ఎన్ని గంటలకి వస్తుంది, బోరు ఉందా, సంపు ఎన్ని లీటర్లది, జనరేటర్ దేనికి పనిచేస్తుంది (లిఫ్టుకా, మోటారుకా, రెంటికీనా) అన్నవి వాచ్‌మన్‌ని అడిగితే చాలు, చెబుతాడు.

పోయిందెక్కడ?

ముందు కారిడార్ లైటు, లిఫ్టు చూడండి. తర్వాత బాల్కనీలోంచి వీధి లైట్లు, ఎదురు బిల్డింగ్ చూడండి. అన్నీ చీకటైతే ఫీడర్‌దో (సబ్‌స్టేషన్ నుంచి మీ ఏరియాకి వచ్చే లైను) ట్రాన్స్‌ఫార్మర్‌దో సమస్య. బిల్డింగ్ ఒక్కటే చీకటైతే కింద మెయిన్ ప్యానెల్‌లో ఫ్యూజో, స్తంభం నుంచి వచ్చే సర్వీస్ వైరో.

కొన్ని ఫ్లాట్లకి ఉంది, కొన్నిటికి లేదు, లిఫ్టు మాత్రం ఆగిపోయింది. దీంతో చాలామంది తికమకపడతారు. అపార్ట్‌మెంట్‌కి వచ్చేది మూడు ఫేజుల లైను, అంటే కరెంటు తెచ్చే తీగలు మూడు. ఫ్లాట్లకి ఒక్కో ఫేజు పంచి ఇస్తారు. మూడింట్లో ఒకటి పోతే దాని మీదున్న ఫ్లాట్లే ఆరిపోతాయి. లిఫ్టుకి, నీళ్ల మోటారుకి మూడు ఫేజులూ కావాలి కాబట్టి వాటి రక్షణ రిలే వాటిని ఆపేస్తుంది, ఆపాలి కూడా. అప్పుడు వాచ్‌మన్ రిలేని బైపాస్ చేసి మోటారు వేస్తానంటే ఒప్పుకోవద్దు. రెండు ఫేజుల మీద నడిచిన మోటారు వైండింగ్ కాలడానికి ఎక్కువసేపు పట్టదు. ఫిర్యాదులో "కరెంటు లేదు" అనకుండా "ఒక ఫేజు లేదు" అని చెప్పండి. వినేవాళ్లకి ఎక్కడ చూడాలో అర్థమవుతుంది.

మీ ఒక్క ఫ్లాటే చీకటైతే మీటరు డిస్‌ప్లే చూడండి. డిస్‌ప్లే వెలుగుతోంది, మీకు మాత్రం కరెంటు లేదంటే తేడా మీటరు తర్వాత ఉన్నట్టు: కింద కట్‌అవుట్‌లోనో మీ ఇంట్లో బోర్డులోనో. కింద కట్‌అవుట్‌లోని ఫ్యూజు (కిట్‌క్యాట్ అంటారు) కాలిందనిపిస్తే మీరు పీకొద్దు. అది లైవ్ ప్యానెల్, కింద నేల తడిగా ఉండొచ్చు. ఎలక్ట్రీషియన్ చేత వేయించండి. లావు రాగి తీగ చుట్టేస్తే మళ్లీ పోదని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. ఫ్యూజు పోకపోతే దాని బదులు వైరు కాలుతుంది.

ఇంట్లో బోర్డు ట్రిప్ అయితే

ఎంసీబీ ట్రిప్ అయ్యాక పైకి నెడితే నిలవదు. ముందు పూర్తిగా కిందికి లాగి, తర్వాత పైకెత్తాలి. ఎత్తిన క్షణంలోనే ఠక్కున పడితే షార్టు, మళ్లీ మళ్లీ ఎత్తొద్దు. పది పదిహేను నిమిషాలు నిలిచి పడితే లోడు ఎక్కువైనట్టు. లెక్క వేసి చూడండి: 2000 వాట్ల గీజర్ సుమారు 9 ఆంపియర్లు, టన్నున్నర ఏసీ 7 నుంచి 8, ఇండక్షన్ స్టవ్ 9, ఇస్త్రీ పెట్టె 4. ఉదయం ఏడున్నరకి నాలుగూ కలిస్తే 30 దగ్గరికి వస్తుంది. మెయిన్ 25 ఆంపియర్లదైతే అది పడిపోవడంలో తప్పేమీ లేదు.

పెద్ద స్విచ్ లాంటి ఆర్‌సీసీబీ (టెస్ట్ బటన్ ఉండేది) పడితే సంగతి వేరు. ఎక్కడో కరెంటు భూమిలోకి లీకవుతోందని అర్థం. సముద్రం దగ్గరి ఇళ్లల్లో ఇది మామూలే: బాల్కనీలో పెట్టిన వాషింగ్ మెషిన్, తుప్పు పట్టిన గీజర్ ఎలిమెంట్, వాన జల్లు తగిలే లైటు హోల్డర్ సాధారణంగా దొరికే దొంగలు. పట్టుకునే పద్ధతి ఇదీ:

1. ఎంసీబీలన్నీ దించండి. ఆర్‌సీసీబీ ఎత్తండి.
2. నిలిస్తే ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ రండి. దేన్ని ఎత్తితే పడిందో ఆ లైనులోనే లీకేజీ. దాన్ని దించి ఉంచి మిగతా ఇల్లు నడుపుకోవచ్చు.
3. ఎంసీబీలన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలవకపోతే కంగారుపడొద్దు. మామూలు ఎంసీబీ ఫేజునే తెంచుతుంది, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) అలాగే కలిసి ఉంటుంది. కాబట్టి ప్లగ్గులన్నీ కూడా పీకండి, గీజర్‌తో సహా. అప్పుడు నిలిస్తే ఏదో పరికరంలో ఉంది. అప్పటికీ నిలవకపోతే వైరింగ్‌లో ఉంది, ఎలక్ట్రీషియన్ పని.

ఇన్వర్టర్ పెట్టించిన రోజు నుంచి ఆర్‌సీసీబీ పడుతోందంటే, ఇన్వర్టర్ లైను న్యూట్రల్‌ని వేరే లైను న్యూట్రల్‌తో కలిపేశారేమో చూడమనండి. ఆర్‌సీసీబీని తీసేసి నేరుగా కలిపేస్తానన్నవాణ్ణి మాత్రం మళ్లీ పిలవొద్దు.

అసలు ప్రమాదం: లైట్లు ఎక్కువ వెలిగితే

కరెంటు పోవడం కంటే భయపడాల్సింది న్యూట్రల్ తెగడానికి. మీ ఇంట్లో బల్బులు కళ్లు చెదిరేలా వెలుగుతూ ఫ్యాన్లు ఊగిపోతుంటాయి, పక్క ఫ్లాట్లో దీపాలు మిణుకుమిణుకుమంటుంటాయి. అంటే న్యూట్రల్ వదిలేసి, మీ 230 వోల్టుల లైనులోకి రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులలో పెద్ద వాటా వచ్చేస్తోందన్నమాట. ఏ ఫ్లాట్లో తక్కువ సామాను నడుస్తోందో ఆ ఫ్లాటుకే ఎక్కువ వోల్టేజి పోతుంది. టీవీ, ఫ్రిజ్, సెట్‌టాప్ బాక్స్ నిమిషాల్లో పోతాయి.

ఒక్కో స్విచ్చూ ఆపుతూ కూర్చోవద్దు. నేరుగా మెయిన్ దించండి. పక్కింటివాళ్ల తలుపు కొట్టి వాళ్లనీ దించమనండి. తర్వాతే ఫోన్. ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి 220 నుంచి 240 మధ్య చూపించేదాకా మెయిన్ ఎత్తొద్దు. ప్లగ్గులో పెట్టుకునే చిన్న డిజిటల్ వోల్టుమీటరు కొన్ని వందలకే వస్తుంది. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు కొనాల్సిన మొదటి వస్తువు ఇదే అని మా అభిప్రాయం. లో వోల్టేజి వచ్చి 180 కంటే కిందికి పడినప్పుడు ఫ్రిజ్, ఏసీ ఆపెయ్యాలని కూడా అదే చెబుతుంది.

ఫిర్యాదు ఎలా చెప్పాలి

1912కి చేయండి. సర్వీస్ నంబరు, వీధి, దగ్గరి గుర్తు చెప్పి, దగ్గర్లోని ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీద రాసి ఉన్న నంబరు కూడా చెబితే సగం పని అయినట్టే. చూసిన లక్షణం చెప్పండి: "ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పెద్ద శబ్దం వచ్చింది", "చెట్టు కొమ్మ తీగల మీద పడింది", "ఒక ఫేజు లేదు". ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఫ్లాట్లన్నీ ఫోన్ చేసేస్తే తొందరగా వస్తారనేది భ్రమ. ఇద్దరు ముగ్గురు చాలు, లైన్ ఖాళీగా ఉండనివ్వండి. ఏరియా లైన్‌మన్ నంబరు అసోసియేషన్ సెక్రటరీ దగ్గర ఉంటుంది. అయితే ఆయన స్తంభం మీద ఉన్నప్పుడు పదిసార్లు చేసి విసిగించొద్దు.

ఎంతసేపు పడుతుందో కారణాన్ని బట్టి అంచనా వేసుకోవచ్చు. కొన్ని క్షణాల్లో పోయి వచ్చిందంటే తీగల మీద ఏదో తగిలి వదిలింది. ఫీడర్ ట్రిప్ అయి నిలిచిపోతే లైన్ వెంట తిరిగి చూసి, ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైనులో కరెంటు ఆపి పనిచేసే అనుమతి) తీసుకుని, సరిచేసి మళ్లీ ఛార్జ్ చేయాలి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే కొత్తది లారీ మీద రావాలి కాబట్టి పూట, ఒక్కోసారి రోజు. 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత బీచ్ వైపు చాలా ప్రాంతాల్లో కేబుళ్లు భూమిలోకి వెళ్లాయి. గాలికి తీగలు తెగే బాధ అక్కడ తగ్గింది కానీ, కేబుల్ పాడైతే ఎక్కడ పోయిందో వెతికి, తవ్వి, అతకాలి. ఆ పక్కనే ఎవరైనా రోడ్డు తవ్వుతుంటే కారణం కోసం దూరం వెళ్లక్కర్లేదు.

విశాఖకి ప్రత్యేకమైన తంటా ఇంకోటుంది. ఎండాకాలమంతా తీగల ఇన్సులేటర్ల మీద సముద్రపు ఉప్పు, పోర్టు వైపైతే దుమ్ము పేరుకుంటాయి. గట్టి వాన పడితే కడుక్కుపోతాయి. సన్నటి తొలి జల్లుకో మంచుకో తడిసి ఊరుకుంటే దాని మీదుగా కరెంటు పాకి ఫీడర్ ట్రిప్ అవుతుంది. "నాలుగు చినుకులకే కరెంటు తీసేశారు" అని తిట్టుకునేది ఇదే. అందులో ఎవరూ తీసిందేమీ లేదు.

ఇన్వర్టర్: ఎంతది, ఎక్కడ

చాలా ఫ్లాట్లలో ఇన్వర్టర్ పాయింట్, దానికి వేరే వైరింగ్ ఉంటాయి. ఏయే గదుల్లో ఏ స్విచ్చులు దాని మీద ఉన్నాయో ఇల్లు చూసేటప్పుడే అడగండి. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) ట్యూబులర్ బ్యాటరీ 12 వోల్టుల మీద 1800 వాట్-అవర్లు. అంతా వాడలేం. బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి అడుగున వదిలేది, ఇన్వర్టర్ నష్టం తీసేస్తే 1100 నుంచి 1200 చేతికొస్తాయి. రెండు మామూలు ఫ్యాన్లు 140 వాట్లు, మూడు ఎల్‌ఈడీలు 27, వైఫై రూటర్ 10 కలిపి 180 దాకా అనుకుంటే కొత్త బ్యాటరీ ఆరు గంటలు లాగుతుంది. అదే తక్కువ కరెంటు తాగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు రెండయితే ఫ్యాన్లకి 60 వాట్లే పోతుంది, రాత్రంతా గడిచిపోతుంది. పెద్ద బ్యాటరీ కొనే బదులు ఫ్యాన్లు మార్చుకోవడం మేలు. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు ఫ్యాన్లు కూడా మీతోనే వస్తాయి, పాతవి దాచి ఉంచి బిగించి ఇవ్వండి.

బ్యాటరీని బాల్కనీలో పెట్టొద్దు. ఉప్పు గాలికి టెర్మినల్స్ మీద పచ్చగా, తెల్లగా పూత పడుతుంది. లోపలే, గాలి ఆడే చోట పెట్టి, టెర్మినల్స్‌కి వాజిలిన్ రాయండి. రెండు మూడు నెలలకోసారి నీటి మట్టం చూపే ఫ్లోట్లు చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. ఆర్‌ఓ నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు పనికిరావు.

నీళ్లు ఆగితే

నగరానికి నీళ్లు మేహాద్రి గెడ్డ, రైవాడ, తాటిపూడి లాంటి రిజర్వాయర్ల నుంచి, ఏలేరు కాలువ నుంచి వస్తాయి. పంపింగ్ స్టేషన్‌లో కరెంటు పోయినా, మెయిన్ పైపు పగిలినా మీ కుళాయి ఆ పూటకి రాదు. ఒక పూట రాకపోయినా సంపు నిండి ఉంటే మీకు తెలియను కూడా తెలియదు. కాబట్టి ముందు చూడాల్సింది సంపు.

సంపులో నీళ్లున్నాయి, మేడ మీద ట్యాంకు ఖాళీ అంటే మోటారు సమస్య. సంపు అడుగంటేదాకా తోడితే మోటారు గాలి పట్టేస్తుంది. శబ్దం వస్తుంది, నీళ్లు ఎక్కవు. ఆపి, ప్రైమింగ్ బిరడా విప్పి నీళ్లు పోసి, బుడగలు ఆగాక మళ్లీ వేయాలి. పోసిన నీళ్లు నిలవకుండా జారిపోతుంటే ఫుట్‌వాల్వు (సంపులోని పైపు అడుగున ఉండేది) పోయింది. ట్యాంకు నిండుగా ఉన్నా మీ ఒక్క ఫ్లాటుకే రాకపోతే వాల్వు కట్టేసి ఉంటుంది, లేదా పైపులో గాలి చిక్కింది. ఇంట్లో అన్నిటికంటే కిందుగా ఉన్న కుళాయి తెరిచి ఉంచండి, బుసబుసమని గాలి పోయి ధార వస్తుంది.

నీళ్లు లేనప్పుడు గీజర్ స్విచ్ ఆపి ఉంచండి. తిప్పి వదిలేసిన కుళాయిలు కట్టేయండి. మీరు ఆఫీసులో ఉండగా నీళ్లొస్తే హాలంతా చెరువు, కింది ఫ్లాటు సీలింగ్ ఖర్చు మీది. నీళ్లు తిరిగి వచ్చాక మొదటి బకెట్టు మట్టిరంగులో ఉంటుంది, బాత్రూంకి వాడుకోండి. కుళాయి మూతి జల్లెడ విప్పి కడగండి.

ట్యాంకర్ నీళ్లు తాగడానికి కాదు. తప్పనిసరైతే బాగా మరిగించి చల్లార్చి తాగండి. నలుగురున్న ఇంట్లో మూడు రోజులకి తాగడానికి, వంటకి రెండు మూడు 20 లీటర్ల క్యాన్లు కావాలి. వాడుకకి డ్రమ్ము పెట్టుకుంటే అది బాల్కనీ అంచున వద్దు. 200 లీటర్లంటే 200 కిలోలు. బాత్రూం మూలన గోడ వారగా పెట్టండి.

తుఫాను చెప్పినప్పుడు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తాకినప్పుడు స్తంభాలు వేల సంఖ్యలో పడిపోయాయి. చాలా కాలనీలకి రోజుల తరబడి కరెంటు లేదు. సెల్ టవర్లు మూగబోయాయి, ఏటీఎంలు పనిచేయలేదు. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఇక్కడ ఉండేవాళ్లు మూడు నాలుగు రోజుల లెక్కన సిద్ధమవ్వాలి. పోర్టులో ఎగరేసే ప్రమాద సూచిక ఓడల కోసం. మీరు చూడాల్సింది వాతావరణ శాఖ మీ జిల్లాకి ఇచ్చే హెచ్చరిక, తీరం దాటే సమయం.

గాలి మొదలయ్యే ముందే సంపు, పై ట్యాంకు, ఇంట్లో ఉన్న బిందెలు, బకెట్లు నింపండి. ఆర్‌ఓ కరెంటు లేనిదే పనిచేయదు, దాని నీళ్లు ముందే పట్టి ఉంచండి. ఇండక్షన్ మీదే వండేవాళ్లు గ్యాస్ సిలిండర్ సంగతి చూసుకోవాలి. పవర్‌బ్యాంకులు, టార్చి, కొంత నగదు, వారానికి సరిపడా మందులు, బ్యాటరీ రేడియో. బాల్కనీలోని కుండీలు, సింటెక్స్ మూత, డిష్ యాంటెనా కట్టేయించండి. ఎగిరేది అవే.

అసోసియేషన్ మీటింగ్‌లో డీజిల్ గురించి గొంతెత్తి మాట్లాడండి. 25 కేవీఏ జనరేటర్ సగం లోడు మీద గంటకి మూడు నాలుగు లీటర్లు తాగుతుంది. 50 లీటర్లుంటే పదమూడు, పద్నాలుగు గంటలు. దీన్ని లిఫ్టు కోసం తెల్లవార్లూ తిప్పితే ఒక్కరోజులో అయిపోతుంది, నాలుగు రోజులు మేడ మీదకి నీళ్లెక్కవు. మనిషికి రోజుకి 135 లీటర్లు, ఫ్లాటుకి నలుగురు లెక్కన 20 ఫ్లాట్లకి పది పదకొండు వేల లీటర్లు. కాస్త మంచి మోటారైతే ఆ నీళ్లు గంట, గంటన్నరలో ఎక్కించేస్తుంది. కాబట్టి ఉదయం గంటన్నర మోటారు, అదే సమయంలో లిఫ్టు, ఫోన్ల ఛార్జింగ్, తర్వాత ఆపెయ్యాలి. పై అంతస్తుల్లో పెద్దవాళ్లున్నవాళ్లకి ఆ వేళ ముందే చెప్పాలి.

బాల్కనీలో చిన్న పెట్రోల్ జనరేటర్ పెట్టడం మాత్రం చేయొద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తెగిపడిన తీగ ఏదైనా సరే, కరెంటు ఉన్నట్టే లెక్క.

ఫ్రిజ్ తలుపు తీయకపోతే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజుల దాకా. ఆ తర్వాత చేప, మాంసం, పాలు మీద మమకారం పెట్టుకోవద్దు. ఇడ్లీ పిండి పులుస్తుంది, దాన్ని ఆ పూటే అట్లు పోసుకోవచ్చు. కరెంటు తిరిగి రాగానే అన్నీ ఒక్కసారి వేయొద్దు. ముందు వోల్టేజి చూసి, ఐదు నిమిషాలాగి ఫ్రిజ్, ఆ తర్వాత ఏసీ.

ఖర్చు ఎవరిది

బల్బులు, మీ ఇన్వర్టర్, మీ పరికరం వల్ల పోయిన ఎంసీబీ మీ ఖాతా. గోడలోని వైరింగ్, ఆర్‌సీసీబీ, కాలిన కట్‌అవుట్, గీజర్ ఓనర్‌దైతే దాని ఎలిమెంట్, పైపు లీకేజీ ఓనర్ ఖాతా. జనరేటర్ డీజిల్, ట్యాంకర్ వాటా మెయింటెనెన్స్‌లో కలిసి ఉందో లేదో అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. గొడవలు ఎక్కువ వచ్చేది అక్కడే.

ఓనర్ హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటే ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. ఫోటోతో, తేదీతో వాట్సాప్ పెట్టండి. 1882 ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, ఓనర్ చేయించాల్సిన మరమ్మతు నోటీసు ఇచ్చినా తగిన సమయంలో చేయించకపోతే, మీరే చేయించి ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చు. అగ్రిమెంట్‌లో దీనికి విరుద్ధంగా ఏమైనా రాసుంటే అదే చెల్లుతుంది కాబట్టి ఒకసారి చదువుకోండి. చేయించే ముందు "అండీ, ఎలక్ట్రీషియన్ ఇంత అన్నారు, రేపు చేయిస్తున్నాం, వచ్చే నెల అద్దెలో తగ్గిస్తాం" అని ఒక మెసేజ్ పెట్టి, బిల్లు, కాలిపోయిన పాత సామాను దాచి ఉంచండి. ఆ నల్లగా మాడిన కట్‌అవుట్ ముక్క చూపిస్తే వాదించే ఓనర్లు తక్కువ.